కాలేజీ ఎంపిక – కడుపునొప్పి

రాజమండ్రి నుంచి ఒక తండ్రి తన 17 ఏళ్ల కూతుర్ని నా దగ్గరకు తీసుకువచ్చాడు. "డాక్టరుగారూ, నెలరోజులుగా కడుపునొప్పి. అన్నం సహించడం లేదు, నిద్ర లేదు" అన్నాడు. పరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదు. తండ్రిని బయట కూర్చోమని, నర్సమ్మను పక్కన ఉంచుకుని అడిగితే అమ్మాయి అసలు సంగతి చెప్పింది. ఇంజనీరింగు కౌన్సెలింగులో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ముందు పెట్టాలా, కాకినాడ జె.ఎన్.టి.యు. ముందు పెట్టాలా అని ఇంట్లో రోజూ గొడవట!

రెండూ ప్రభుత్వానివే. మొదటిది 1926లో పుట్టింది. రెండోదాని ఇంజనీరింగు కాలేజీ 1946 నాటిది. పేరుకు వంక పెట్టలేం. మరి తేడా ఎక్కడ? బిడ్డ దినచర్యలో.

కాకినాడ 60 పైచిలుకు కిలోమీటర్లు. ఇంటి భోజనం కోసమని రోజూ బస్సులో తిప్పితే నిద్రకు ఎన్ని గంటలు మిగులుతాయి? ఈ వయసుకు 8 గంటలు కావాలి. విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు, హాస్టలు తప్పదు. కనుక బిడ్డను రెండుచోట్లకూ తీసుకువెళ్లండి. హాస్టలు గది, భోజనం, మంచినీళ్లు, మరుగుదొడ్లు తన కళ్లతో చూడనివ్వండి. మీరు ఎంత ఖర్చు భరించగలరో దాచకుండా చెప్పి, నిర్ణయం తనకే వదలండి.

అంతేగాని ఆ నొప్పిని నటన అనకండి. దిగులు పేగుల పనిని మారుస్తుంది, నొప్పి నిజమే. జ్వరం, బరువు తగ్గడం, మలంలో రక్తం ఉంటే మాత్రం వెంటనే వైద్యుడికి చూపించండి. బతుకుమీద విరక్తి మాటలు వినిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. 14416కు ఫోను చేస్తే టెలిమానస్ వారు రాత్రింబగళ్లు ఉచితంగా సలహా ఇస్తారు.

ఆ అమ్మాయికి నేను మందు రాయలేదు, తండ్రితోనే మాట్లాడాను. పదిరోజుల తర్వాత ఆయన వచ్చి, "అన్నం తింటోందండీ" అన్నాడు. ఏ కాలేజీ ముందు పెట్టిందో నేను అడగలేదు.