ఉంగరపు వేలు చెప్పే సాక్ష్యం

మడకశిర ప్రాంతపు మెట్టల్లో చేతికి తీరికుండదు. కొడవలితో మల్బరీ కొమ్మ కోయడం, వేరుశనగ కాయ ఒలవడం, చింతపండు గింజ తీయడం, అన్నీ వేళ్ల మీద, మణికట్టు మీద పడే పనులే. అలాంటి చేతికి తిమ్మిరి పడితే తరచూ వినిపించే మాట ‘నరాల బలహీనత’. దాని పేరుతో ఒక బలం సూది, నాలుగు మాత్రలు. మందు సంగతి తర్వాత, ముందు ఏ వేళ్లకు తిమ్మిరి పట్టిందో అడగాలన్నదే నా వాదన. నరం ఎక్కడ దెబ్బతిన్నదో చాలావరకు వేళ్లే చెబుతాయి.

చేతి నరాలు మెడ దగ్గర మొదలవుతాయి. వెన్నుపాము నుంచి మెడలో 4, ఛాతీ పైభాగాన 1, మొత్తం 5 మూలాలు బయలుదేరి, కలిసి, విడిపోయి, చంక దగ్గరికి వచ్చేసరికి 5 ప్రధాన నరాలవుతాయి. అరచేతి వైపు వేళ్ల స్పర్శను అందులో రెండు పంచుకుంటాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మీడియన్ నరానివి. మిగిలిన సగం, చిటికెనవేలు అల్నార్ నరానివి. కాబట్టి ఉంగరపు వేలిని రెండు పక్కలా దూదితో తాకి చూడండి. ఒక పక్క తెలిసి మరో పక్క తెలియకపోతే, దెబ్బ మెడలో కాక కింద విడిపోయిన ఒక నరంలో ఉందని గట్టిగా అనుమానించవచ్చు. మెడలో మూలం నొక్కుకుంటే మామూలుగా వేలు రెండు పక్కలా మొద్దుబారి, తిమ్మిరి ముంజేతి లోపలి అంచుకూ పాకుతుంది. మీడియన్ నరం మణికట్టులోని ఇరుకు దారిలో నలిగితే రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే నెమ్మదిస్తుంది. అయినా బొటనవేలి మొదట్లోని అరచేతి చర్మానికి స్పర్శ మిగులుతుంది. ఆ చర్మానికి వెళ్లే నరపు కొమ్మ ఆ ఇరుకుకు ముందే చీలిపోతుంది.

చిటికెనవేలి వైపు తిమ్మిరికి మన దేశంలో మరవకూడని కారణం కుష్ఠు. అల్నార్ నరం మోచేయి లోపలి ఎముక వెనుక చర్మం కిందే ఉంటుంది. చల్లని చోట్లలో పెరిగే కుష్ఠు క్రిమికి అది అనువైన తావు. నరం తాడులా లావెక్కి వేలికి తగులుతుంది, రెండు వేళ్లు వంకరపోతాయి. 1940ల చివర వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ అలాంటి చేతుల్లో పనిచేస్తున్న కండరాల కొసలను మళ్లించి కుట్టి, పోయిన పట్టు తిరిగి తెప్పించారు. వేళ్లు అరిగిపోవడానికి ముఖ్య కారణం స్పర్శ లేని చెయ్యి తెలియకుండా కాలడం, తెగడమేనని ఆయన పట్టుబట్టి చెప్పారు.

షుగరు, బి12 లోపం వల్ల తిమ్మిర్లు రావా అని అడగవచ్చు. వస్తాయి. కానీ అవి మామూలుగా రెండు పక్కలా సమానంగా కనిపిస్తాయి, షుగరులోనైతే ముందు పాదాల్లో మొదలవుతాయి. అక్కడా తేడా చెప్పేది తిమ్మిరి పట్టిన తావే. వేళ్ల హద్దులు మనిషి మనిషికీ కొంత మారతాయన్న అభ్యంతరమూ నిజమే. అందుకే స్పర్శతో పాటు కండర బలం, మోచేయి దగ్గరి నరం, ఒంటిమీద స్పర్శ లేని మచ్చలు కలిపి చూడాలి. నరాల పరీక్ష యంత్రం దాన్ని రూఢి చేస్తుంది. యంత్రం దూరాన ఉన్న ఊళ్లో ఎవరిని వెంటనే పంపాలో తేల్చేది మాత్రం ఈ చూపే.

తొందర ఎందుకంటే, లోపలి పోగులు తెగిన నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మోచేయి నుంచి అరచేతి చిన్న కండరాలను చేరడానికి నెలలు పడుతుంది, ఈలోగా అవి ఎండిపోవచ్చు. కుష్ఠు మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. సకాలంలో వాడితే చెయ్యి దక్కుతుంది. కాబట్టి తిమ్మిరి అన్న ప్రతి చేతినీ బలం సూదికి ముందే వేలు వేలునా తాకి చూడడం ఊరి వైద్యంలో అలవాటు కావాలి.