గుసగుసలాడితే... గోవిందా!

టీ బ్రేకులో నలుగురు చేరితే మాటలు దొర్లకుండా ఉంటాయా? బాసు చిరాకు దగ్గర్నుంచి పక్క సీటాయన ఇంక్రిమెంటు దాకా అన్నీ వస్తాయి. మన దగ్గరైతే మహా అయితే నాలుగు చీవాట్లు. అమెరికాలో మాత్రం ఆ కబుర్లే ఉద్యోగానికి ఎసరు పెట్టొచ్చు. చిత్రమేంటంటే, అదే అమెరికాలో కొన్ని కబుర్లకు చట్టమే గొడుగు పడుతుంది!

న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో హుక్‌సెట్ అని ఓ చిన్న ఊరు. అక్కడి టౌన్ కార్యాలయంలో పనిచేసే నలుగురు మహిళల ఉద్యోగాలు 2007లో ఊడిపోయాయి. నలుగురిదీ కలిపి 46 ఏళ్ల సర్వీసు. డబ్బు కాజేశారా? ఫైళ్లు మాయం చేశారా? అదేం లేదు. కార్యాలయం పెద్దకూ ఒక ఉద్యోగినికీ మధ్య ఏదో ఉందన్న పుకారు గురించి మాట్లాడుకున్నారు. ఆ పెద్దమనిషి ఫిర్యాదు చేశాడు, టౌన్ కౌన్సిల్ ఓ లాయరుతో విచారణ చేయించింది. పుకారు ఒట్టిదని తేలింది. గుసగుసల వల్ల ఆఫీసు వాతావరణం చెడిందంటూ నలుగురినీ ఇంటికి పంపారు. దేశమంతా టీవీల్లో, పేపర్లలో చర్చ జరిగింది. వాళ్లు కోర్టుకెక్కారు, చివరికి పరిహారం మీద రాజీ కుదిరింది.

అయినా వాళ్లు ఒకరకంగా అదృష్టవంతులే. ఎందుకు తీసేస్తున్నారో కనీసం చెప్పారు!

కారణం అక్కర్లేదు

అమెరికా ప్రైవేటు కంపెనీల్లో చాలామంది ఉద్యోగులకు ఆ భాగ్యం కూడా ఉండదు. అక్కడి ఉద్యోగాలు ఎక్కువగా ‘ఎట్ విల్’ పద్ధతిలో నడుస్తాయి. అంటే ఇష్టం ఉన్నన్నాళ్లే కొలువు. నచ్చకపోతే ఉద్యోగి ఇవాళే మానేయొచ్చు, యజమాని ఇవాళే తీసేయొచ్చు. కారణం చెప్పాల్సిన పనిలేదు. మన దేశంలో చట్టం కార్మికుడిగా గుర్తించిన ఉద్యోగిని ఏడాది సర్వీసు దాటాక ఉద్వాసన పలకాలంటే నెల నోటీసు, పరిహారం లెక్కలు ఉంటాయి. అక్కడ ఎవరి దారి వారిదే. చెప్పుకోవడానికి ఇద్దరికీ సమాన హక్కే. కానీ ఉద్యోగి మానేస్తే కంపెనీకి ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. కంపెనీ తీసేస్తే ఉద్యోగికి జీతంతో పాటు ఆరోగ్య బీమా కూడా చేజారుతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

ఈ పద్ధతికి దాదాపు 150 ఏళ్ల చరిత్ర ఉంది. 1877లో హొరేస్ వుడ్ అనే న్యాయవాది తన పుస్తకంలో దీన్నొక సూత్రంగా రాశాడు. 1884లో టెనసీ సుప్రీంకోర్టుకు ఓ వింత కేసు వచ్చింది. చటనూగాలో ఒక వ్యాపారి కొట్టులో సరుకులు కొంటే ఉద్యోగం పోతుందని రైల్వే కంపెనీ తన సిబ్బందిని బెదిరించింది. బేరాలు పోయాయంటూ ఆ వ్యాపారి దావా వేశాడు. కోర్టు కంపెనీ పక్షమే వహించింది. కారణం మంచిదైనా, చెడ్డదైనా, అసలు లేకపోయినా పనివాణ్ని తీసేసే హక్కు యజమానిదేనంది. ఆ తర్వాత మినహాయింపులు ఒక్కొక్కటే వచ్చాయి. జాతి, రంగు, మతం, స్త్రీ పురుష భేదం చూసి తొలగించకూడదని 1964 పౌరహక్కుల చట్టం చెప్పింది. ప్రొబేషన్ దాటిన ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలని 1987లో మోంటానా చట్టం చేసింది. అమెరికాలోని 50 రాష్ట్రాల్లో అలా ఎట్ విల్‌ను పక్కన పెట్టింది అదొక్కటే.

జీతం ముచ్చట వేరు

మరి కాఫీ మిషన్ దగ్గర నోరు కుట్టేసుకోవాలా? అక్కర్లేదు. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ఒక గీత గీసింది. జీతాలు, పనిగంటలు, పని పరిస్థితుల గురించి ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకోవచ్చు. యూనియన్ లేకపోయినా సరే! బాసుగారి సంసారం సంగతులు మాత్రం ఈ గొడుగు కిందికి రావు.

జార్జియాలో ఒక శిక్షణ సంస్థ గుసగుసలనే నిషేధించింది. మనిషి లేనప్పుడు అతని సొంత విషయాలు మాట్లాడకూడదు, పై అధికారి ఎదుట లేకుండా అతని ఉద్యోగం సంగతీ ఎత్తకూడదు, పుకారు చెప్పకూడదు... ఇవీ నిబంధనలు. ఒక ఉద్యోగినిని ఆ రూలు కిందే తీసేశారు. ఇంత విశాలమైన నిషేధం చెల్లదని 2013లో కార్మిక బోర్డు జడ్జి, మరుసటి ఏడాది బోర్డూ తేల్చాయి. వీటన్నిటినీ గుసగుసే అంటే ఇక ఉద్యోగులు మాట్లాడుకోవడానికి వాతావరణం తప్ప ఏం మిగుల్తుంది?

జీతం ముచ్చట ఎంత విలువైనదో లిల్లీ లెడ్‌బెటర్ కథ చెబుతుంది. అలబామాలోని గాడ్స్‌డెన్‌లో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో ఆమె 19 ఏళ్లపాటు పనిచేసింది. జీతాల మాట ఎత్తొద్దని కంపెనీ ముందే చెప్పిందనేది ఆమె. 1998లో ఎవరో పేరు రాయకుండా ఒక చీటీ పెట్టారు. చూస్తే, ఆమెకు నెలకు 3,727 డాలర్లు. అదే హోదాలో ఉన్న మగవాళ్లలో అందరికంటే తక్కువ తీసుకునే వ్యక్తికే 4,286 డాలర్లు! కోర్టుకు వెళ్లింది. 2007లో సుప్రీంకోర్టు ఆలస్యంగా వచ్చావంటూ తోసిపుచ్చింది. తెలియని అన్యాయం మీద ముందే ఎలా ఫిర్యాదు చేస్తారు? 2009 జనవరిలో ఆమె పేరుమీదే వేతన సమానత్వ చట్టం వచ్చింది. ఆమెకు మాత్రం బకాయి పైసా రాలేదు. ఇందులో ఓ మెలిక ఉంది. ఆమెది సూపర్‌వైజర్ హోదా. 1935 చట్టం గొడుగు ఆ హోదా వారికి పట్టదు. జీతం గురించి నోరు విప్పే ముందు తమ హోదా ఏమిటో చూసుకోవాల్సింది అందుకే.

పుకారే కబురైతే...

కంపెనీ పెదవి విప్పనప్పుడు పుకారే వార్త. 2023 జనవరి 20న గూగుల్ 12 వేల మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో చాలామందికి ఆ సంగతి తెల్లవారుజామున వచ్చిన ఈమెయిల్‌తోనే తెలిసింది. పెద్దసంఖ్యలో తీసేసేటప్పుడు వందమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలు 60 రోజుల ముందు నోటీసివ్వాలని 1988 చట్టం ఉంది. అయితే ఒకరిద్దర్ని పంపేస్తే అది వర్తించదు. అందుకే ‘మీ టీమ్‌లో కోతట కదా’ అన్న మాట చెవిన పడగానే కడుపులో దేవినట్టవుతుంది.

డల్లాస్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ ఆ మాట వినిపిస్తే ఇక్కడ తెలుగు ఇళ్లలో అర్ధరాత్రి ఫోను మోగుతుంది. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగమే నివాసానికి ఆధారం మరి. అది పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. 2017 జనవరికి ముందు ఆ వెసులుబాటూ లేదు. ఈలోగా కొత్త కంపెనీ దరఖాస్తు చేయాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి.

ఇల్లు, కారు లోనులు, పిల్లల బడి... అన్నీ ఆ 60 రోజుల్లోనే తేలాలి. కాబట్టి అక్కడున్నవారు పుకారు విన్నప్పుడు దాన్ని పదిమందికి పంచేకంటే ముందు చేసుకోవాల్సిన పనులున్నాయి. పే స్లిప్పులు, వీసా కాగితాలు ఇంట్లో భద్రపరచుకోవాలి. ఎందుకంటే ఆఫీసు లాగిన్ ఏ క్షణంలోనైనా మూతపడొచ్చు. కంపెనీ చాట్‌లో రాసిన జోకులను కంపెనీ చదవగలదు. హెచ్‌ఆర్ ఇచ్చే కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకూడదు.

హెచ్‌-1బి గడువు తీరకముందే తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు కంపెనీయే భరించాలని నిబంధన ఉంది. అది ఉద్యోగికి మాత్రమే. భార్యాపిల్లల టికెట్లు సొంత జేబులోంచే కొనుక్కోవాలి.