ఎంత పడవకు ఎంత లంగరు? అపోహలు – వాస్తవాలు

2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటినప్పుడు, విశాఖ రేవు బయట ఆగి ఉన్న బంగ్లాదేశ్ సరకు ఓడ ‘మా’ ఆ గాలికి నిలవలేక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద ఒడ్డెక్కింది. దాన్ని చూసినవారికి ‘అంత ఓడకు లంగరు లేదా?’ అన్న సందేహం రావడం సహజమే. లంగరు లేని ఓడ ఉండదు. లంగరు ఉండటం వేరు, అది నిలవడం వేరు. పెద్ద ఓడలకైతే రేవులో టగ్గులుంటాయి, రాత్రంతా కాపలా కాసే సిబ్బంది ఉంటారు. నెలల తరబడి సముద్రాల మీద తిరిగే క్రూజింగ్ పడవలకు ఆ వసతి లేదు. 2017–18లో ఆరుగురు నౌకాదళ అధికారిణులు భూమిని చుట్టివచ్చిన ‘తారిణి’ ఆ కోవ తెరచాప పడవే, పొడవు 17 మీటర్లు. ఆ ఆరుగురిలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. ఇలాంటి పడవల్లో ఎక్కువ భాగం ఇద్దరు మనుషులు నడిపే 10, 12 మీటర్లవే. చీకటి పడితే ఏదో ఒక దీవి చాటున లంగరు వేసి ఇద్దరూ నిద్రపోతారు. ఆ నిద్రకు పూచీ లంగరు ఒక్కటే. అయినా దాన్ని కొనేటప్పుడు చాలామంది పాటించే లెక్కలు మూడు: బరువైతే చాలు, పడవ పొడవు చూస్తే చాలు, గొలుసు లావుగా ఉంటే చాలు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అందుకే అవి ఇంతకాలం బతికాయి.

మొదటిది బరువు. లంగరు తన బరువుతో పడవను పట్టి ఉంచుతుందన్నది అందరిలోనూ ఉన్న నమ్మకం. ఒక చిన్న లెక్క వేస్తే అది నిలవదు. 12 మీటర్ల పడవ మీద గంటకు 56 కిలోమీటర్ల గాలి వీస్తే లంగరు మీద సుమారు 545 కిలోల లాగుడు పడవచ్చని అమెరికా పడవల ప్రమాణాల సంస్థ ఎ.బి.వై.సి. పట్టిక చెబుతుంది. ఆ సైజు పడవకు సాధారణంగా వాడే లంగరు 25 కిలోలు. నీళ్లలో మునిగితే ఉక్కు బరువు ఇంకా తగ్గి 22 కిలోలకు వస్తుంది. 22 కిలోల ఇనుము 545 కిలోల లాగుడును ఆపుతోందంటే ఆపుతున్నది దాని బరువు కాదు, అది దిగబడిన నేల. నాగలి కర్రు మట్టిలోకి దిగినట్టు లంగరు రెక్క ఇసుకలోకి దిగుతుంది; రెక్క ముందున్న మట్టి మొత్తం కదిలితే తప్ప అది కదలదు. కనుక పట్టు ఎంతో తేల్చేవి రెక్క వైశాల్యం, అది ఎంత లోతుకు దిగింది, ఆ మట్టి ఎంత గట్టిది అన్నవే. బరువు చేసే పని మొదట్లోనే. పడిన వెంటనే మొనను నేలకు ఆనించి లోపలికి దిగేలా చేయడం దాని వంతు.

దీనికి సాక్ష్యం ఓడల నిబంధనల్లోనే ఉంది. మామూలు లంగరుకన్నా అదే బరువులో రెండింతల పట్టు చూపిన రకాన్ని ఓడలకు ప్రమాణాలు నిర్ణయించే వర్గీకరణ సంస్థలు ‘హై హోల్డింగ్ పవర్’ (అధిక పట్టు) రకం అంటాయి. దానికి బరువులో పాతిక శాతం తగ్గింపు ఇస్తాయి. నాలుగింతలు చూపిన ‘సూపర్ హై హోల్డింగ్ పవర్’ రకానికైతే సగం బరువు చాలంటాయి. మరో సాక్ష్యం 2014లో అమెరికాలోని చెసపీక్ అఖాతంలో మెత్తటి బురదలో జరిగిన లాగుడు పరీక్షలు. పదికిలోల లోపు ఉన్న అల్యూమినియం లంగరు ‘ఫోర్‌ట్రెస్’ ఎఫ్‌ఎక్స్-37 అక్కడ ఇరవై కిలోల ఉక్కు లంగర్లను మించిపోయింది. ఆ పరీక్షలు జరిపించింది ఆ కంపెనీయే, కాబట్టి కాస్త అనుమానంతోనే చదవాలి. కానీ ఫలితం వెనుక ఉన్న కారణంలో వింతేమీ లేదు. ఆ రకానికి బరువుతో పోలిస్తే రెక్కలు చాలా పెద్దవి; బురద కోసం వాటి కోణాన్ని 32 డిగ్రీల నుంచి 45కు మార్చుకునే ఏర్పాటు ఉంది. మెత్తటి బురదలో కావలసింది అదే. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద ఉన్న కాకినాడ అఖాతం లాంటి చోట్లకు ఈ ముక్క నేరుగా వర్తిస్తుంది: గట్టి ఇసుకలో బాగా పనిచేసిన లంగరు అక్కడ అంత పట్టు ఇస్తుందన్న హామీ లేదు.

అయితే బరువు లెక్కే అనవసరమా? ఇక్కడ రెండో అంచుకు వెళ్లేవాళ్లూ ఉన్నారు: ‘రూపం ఆధునికమైతే చిన్నదైనా ఫర్వాలేదు’ అంటారు. రూపం తేడా తెస్తుందన్నది నిజమే. 1933లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ చేసిన నాగలి ఆకారపు సి.క్యు.ఆర్. లంగరు దశాబ్దాల పాటు పడవల ముక్కుమీద రాజ్యమేలింది. 2006లో కాలిఫోర్నియా తీరంలో అమెరికా పత్రిక ‘సెయిల్’ జరిపిన పరీక్షల్లో అది గట్టి ఇసుకలోకి దిగడానికే తడబడింది. ఫ్రాన్స్‌కు చెందిన స్పేడ్, న్యూజిలాండ్‌కు చెందిన రోక్నా లాంటి కొత్త తరం లంగర్లు దానికి చాలా ముందున్నాయి. కానీ మంచి రూపంలోనూ చిన్నది చిన్నదే. ఒకే రూపపు లంగర్లను పోలిస్తే పట్టు దాదాపు బరువు పెరిగినంతే పెరుగుతుంది, ఎందుకంటే బరువుతోపాటు రెక్కా పెరుగుతుంది, దిగే లోతూ పెరుగుతుంది. 25 కిలోల నుంచి 33 కిలోలకు వెళితే పట్టు పాతిక శాతం పైనే పెరుగుతుంది. కాబట్టి రెండు వేర్వేరు రకాలను కిలోల్లో పోల్చడం తప్పు. ఒకే రకంలో రెండు సైజులను కిలోల్లో పోల్చడం సబబే. అపోహ అంతా ఈ రెండూ కలగలిపేయడంలోనే ఉంది.

రెండోది పొడవు. దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘మీ పడవ ఎన్ని అడుగులు?’ తయారీదారు పట్టికలో ఆ వరుస చూసి ఎదురుగా ఉన్న అంకె చెప్పేస్తారు. పడవను లాగేది గాలి, అలలు, ప్రవాహం. వీటిలో ఏదీ పొడవును కొలిచి లాగదు. ఓడలకు లంగరు నిర్ణయించే ‘ఎక్విప్‌మెంట్ నంబర్’ సూత్రంలో ఉన్నవి మొత్తం బరువు, వెడల్పును ఎత్తుతో గుణించిన ముఖభాగం, గాలి తగిలే పక్కభాగం. పొడవు విడిగా అందులో కనిపించదు. 12 మీటర్ల పడవల్లో ఏడు టన్నుల తేలికపాటివీ ఉన్నాయి, నీళ్లు, డీజిల్, సౌరఫలకాలు, ఏడాది సామాను ఎక్కించుకుని పద్నాలుగు టన్నులు తూగేవీ ఉన్నాయి. అదే పొడవున్న జంట పొట్టల కటమరాన్ అయితే గాలికి అడ్డుపడే భాగం ఇంకా ఎక్కువ. పైగా ఆ పట్టిక ఏ గాలికి లెక్కవేసిందో చాలామంది చూడరు. కొన్ని కంపెనీలు గంటకు 55 కిలోమీటర్ల గాలికి లెక్కగడితే, కొన్ని 90కి పైగా గాలికి లెక్కగడతాయి. గాలి తోపు వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది: వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. ఎ.బి.వై.సి. పట్టికలోనే 12 మీటర్ల పడవకు 28 కిలోమీటర్ల గాలిలో 136 కిలోలు, 56లో 545 కిలోలు, 78లో 1,090 కిలోలు. ఈ అంకెలు ఎక్కువ చేసి చెప్పినవని విమర్శ ఉంది. నిశ్చలమైన నీళ్లలో, సూటిగా వీచే గాలిలో కొలిస్తే అంత రాదన్నదీ నిజమే. కానీ లంగరు మీద పడవ సూటిగా నిలబడి ఉండదు. అటూ ఇటూ కొట్టుకుంటూ గాలికి పక్కవాటు చూపిస్తుంది, అలకు లేచి గొలుసును కుదుపుతుంది. లంగరు ఊడేది ఆ కుదుపుల్లోనే. కాబట్టి ఆ ‘ఎక్కువ’ వృథా కాదు.

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా మొండిది, గొలుసు. ‘పడవను పట్టేది గొలుసు బరువే, లంగరు పేరుకే’ అనే మాట అనుభవజ్ఞుల నోటా వినిపిస్తుంది. పిల్లగాలిలో వాళ్లు చూసింది నిజం: గొలుసు నేలమీద పడి ఉంటుంది, లంగరు దాకా లాగుడే పోదు. గాలి పెరిగితే ఏమవుతుందో లెక్కవేద్దాం. నీటి లోతు, పడవ ముక్కు ఎత్తు కలిపి 7 మీటర్లు. గొలుసు 10 మిల్లీమీటర్లది, నీళ్లలో మీటరుకు రెండు కిలోలు. 136 కిలోల లాగుడుకు నేల నుంచి లేచే గొలుసు సుమారు 32 మీటర్లు. ఆ 7 మీటర్లకు ఐదు రెట్లు, అంటే 35 మీటర్లు వదిలితే చివర మూడు మీటర్లు ఇంకా నేలమీదే ఉంటాయి. లంగరు కాడ అడ్డంగా, హాయిగా లాగబడుతుంది. 545 కిలోలకైతే? లాగుడు అడ్డంగానే ఉండాలంటే 62 మీటర్లు కావాలి. 35 మీటర్లే ఉంటే గొలుసంతా నేల వదిలి తాడులా బిగుసుకుని లంగరు కాడను సుమారు ఎనిమిది డిగ్రీలు పైకి ఎత్తుతుంది. అంటే గొలుసు బరువు అక్కర్లేని రోజున బాగా సాయపడుతుంది, అవసరమైన రాత్రి చేతులెత్తేస్తుంది. అప్పుడు మిగిలేవి రెండే: వదిలిన గొలుసు పొడవు, దిగిన లంగరు.

అందుకే అదనపు బరువు మోయక తప్పదనుకుంటే దాన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించాలి. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 2.25 కిలోలు, 8 మిల్లీమీటర్లది 1.4 కిలోలు. 60 మీటర్లకు తేడా 50 కిలోలు. సన్నగొలుసు తెగదా అంటే, మామూలు రకం బదులు గట్టి రకం ఎంచుకోవాలి: అమెరికాలో దొరికే జి-43 రకంలో 8 మిల్లీమీటర్ల (5/16 అంగుళం) గొలుసుకు పనిబలం (భద్రంగా మోయగల భారం) 1,770 కిలోలు, పైన చెప్పిన 78 కిలోమీటర్ల గాలి భారానికి ఎంతో పైన. ఆదా అయిన 50 కిలోల్లో ఎనిమిది లంగరుకు ఇస్తే చాలు, పట్టు పాతిక శాతం పెరుగుతుంది. మిగతా 42 కిలోలు పడవ ముక్కు మీద నుంచి దిగిపోతాయి. ‘పెద్ద లంగరు పెడితే ముక్కు బరువెక్కి పడవ అలల్లో గుచ్చుకుంటుంది’ అనే అభ్యంతరానికి జవాబు కూడా ఇదే. ముక్కును బరువెక్కించేది లంగరు కాదు, గొలుసు గదిలోని ఆ కుప్ప. సన్నగొలుసుతో ఒక నష్టం ఉందని ఒప్పుకోవాలి: పిల్లగాలిలో కుదుపును మింగే సాగుడు తగ్గుతుంది. పది మీటర్ల నైలాన్ తాడును గొలుసుకు కొక్కెంతో తగిలించి ముక్కుకు కట్టుకుంటే ఆ పని అది చూసుకుంటుంది, అదీ గట్టి గాలిలో గొలుసుకన్నా బాగా.

ఇంకో అభ్యంతరం కాస్త బలమైనది. లంగరు మరీ పెద్దదైతే చిన్న ఇంజిన్‌తో వెనక్కి లాగి నేలలోకి దించలేమని, పైపైనే ఉండిపోతుందని అంటారు. ఒక 40 హార్స్‌పవర్ ఇంజిన్ వెనక్కి లాగితే వచ్చే బలం మూడు నాలుగు వందల కిలోలకు మించదు కాబట్టి మాటలో పస ఉంది. కానీ అంతే బలానికి చిన్న లంగరు లోతుగా దిగి ఎంత పట్టు ఇస్తుందో, పెద్దది కొంచెమే దిగి అంతే ఇస్తుంది. గాలి పెరిగితే పెద్దది ఇంకా దిగడానికి చోటుంది, చిన్నదానికి లేదు. సమస్య మూడు నాలుగు సైజులు ఎగబాకినప్పుడే: అది సరిగ్గా దిగిందో లేదో ఇంజిన్‌తో పరీక్షించే వీలుండదు, లంగరును పైకి లాగే యంత్రం (విండ్‌లాస్) ఎత్తలేకపోవచ్చు. ఒక సైజు పెంచినందుకు ఈ తిప్పలేవీ రావు. ఇక రెండు చిన్న లంగర్లు ఒక పెద్దదానికి సమానమన్న లెక్క గాలి దిశ మారని చోటే చెల్లుతుంది. మారితే భారం ఒక్కదాని మీదే పడుతుంది, తాళ్లు మెలిపడతాయి.

‘నైపుణ్యం ఉంటే చిన్న లంగరుతోనూ ఆగొచ్చు’ అనేవారితో వాదం అక్కర్లేదు, ఆగొచ్చు. కానీ ఆ నైపుణ్యం తెల్లవారుజామున రెండింటికి గాలి తిరిగినప్పుడు మేలుకుని ఉండాలి. కొనే ముందు పట్టిక ఏ గాలికి వేసిందో చదవండి, పడవను ఖాళీగా కాక సామానుతో తూచిన బరువు తీసుకోండి. 12 మీటర్ల, పది టన్నుల పడవకు గంటకు 90 కిలోమీటర్ల గాలికి వేసిన కొత్త తరం పట్టిక 25 కిలోలు అంటే, 33 కిలోలది కొనండి. గొలుసును 8 మిల్లీమీటర్ల గట్టి రకంలో తీసుకోండి. మెత్తటి బురద ఉన్న తీరాలకు వెళ్లే ఆలోచన ఉంటే విప్పి పెట్టుకునే అల్యూమినియం లంగరు ఒకటి అదనంగా లాకర్‌లో ఉంచుకోండి.