మంచులో గాడి

మన ఊళ్లలో కాలిబాట ఒకసారి పడిందంటే తరాల తరబడి నిలుస్తుంది. నడిచేవారు ఉన్నంతకాలం దానికి మరమ్మతు అక్కరలేదు. ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన ఉన్న నార్వే దేశపు కొండలలో ఇందుకు భిన్నమైన బాటలు ఉన్నాయి. ఇవాళ సాయంత్రం వేసిన బాట, రాత్రి మంచు కురిస్తే, తెల్లవారేసరికి కనబడదు. దాన్ని మళ్లీ వేయాలి. శీతాకాలమంతా వందల కిలోమీటర్ల పొడవున ఇలా బాటలు వేస్తూ, చెరిగిపోతే మళ్లీ వేస్తూ ఉంటారు. నార్వే భాషలో ఈ బాటను ‘లోయ్‌పె’ అంటారు. ఇది పాదాలతో నడిచే బాట కాదు. స్కీల మీద సాగే బాట.

స్కీ అంటే ముందుకొస పైకి వంగి ఉండే పొడవైన, సన్నని పలక. మెత్తని మంచులో మామూలుగా నడిస్తే కాలు మోకాలిదాకా దిగబడుతుంది. అదే బరువు పొడవైన పలక మీద పరచుకుంటే అంతగా దిగబడదు, పైపెచ్చు ముందుకు జారుతుంది. ‘స్కీ’ అనే మాటకు ఉత్తర దేశాల ప్రాచీన భాషలో చీల్చిన కట్టె అని అర్థం. నార్వేలోని రోడోయ్ అనేచోట ఒక బండమీద స్కీలు తొడుక్కున్న మనిషి బొమ్మ ఉంది. అది వేల సంవత్సరాల నాటిది. అంటే అక్కడివారికి స్కీ మొదట ఆటవస్తువు కాదు. వేటకు, కట్టెలకు, పొరుగూరికి పోవడానికి అదే వాహనం. పర్వతం మీదినుంచి వేగంగా కిందికి జారే స్కీ వేరు. దానిలో మడమ కూడా పలకకు బిగించి ఉంటుంది. ఎత్తుపల్లాలు దాటుతూ దూరప్రయాణం చేసే క్రాస్‌కంట్రీ స్కీలో మడమ పైకి లేస్తుంది. ముందుపాదం మాత్రమే పలకకు అంటి ఉంటుంది.

ఈ ప్రయాణాలలో నార్వే ప్రజలు మరువనిది 1206 నాటిది. అప్పుడు దేశంలో సింహాసనం కోసం అంతర్యుద్ధం జరుగుతున్నది. రెండేళ్లు నిండని రాకుమారుడు హాకోన్‌ను శత్రువుల బారినుంచి తప్పించడానికి ఇద్దరు వీరులు అతణ్ణి ఎత్తుకుని, లిల్లెహామర్ ప్రాంతం నుంచి తూర్పున ఉన్న లోయకు, మంచు తుఫానులో కొండలు దాటారు. వారి పక్షంవారిని ‘బిర్కెబైనర్లు’ అనేవారు. చెప్పులకు కూడా నోచుకోక చెట్టుబెరడును కాళ్లకు చుట్టుకునేవారని వారికి ఆ ఎగతాళి పేరు వచ్చింది. ఆ చెట్టు మన ప్రాచీనులు రాతకు వాడిన భూర్జపత్రపు చెట్టు జాతిదే. ఆ పసివాడు 1217లో రాజై, 1263లో మరణించేదాకా నార్వేను పాలించాడు. 1932 నుంచి దీని జ్ఞాపకార్థం రేనా నుంచి లిల్లెహామర్ దాకా 54 కిలోమీటర్ల స్కీ పందెం జరుపుతున్నారు. పందెంలో పాల్గొనే ప్రతివారూ కనీసం మూడున్నర కిలోల మూట వీపున మోయాలి. అది ఆ పసివాడి బరువుకు గుర్తు.

ఆ ఇద్దరికీ ముందు ఏ బాటా లేదు. ముందు నడిచేవాడు మంచును తొక్కుకుంటూ పోవాలి, వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దాకా బాటలు ఇలాగే పడేవి. ఇప్పుడు ఆ పని పళ్లపట్టాల మీద నడిచే పెద్ద యంత్రాలు చేస్తున్నాయి. యంత్రానికి ముందువైపు ఉన్న పలక గుట్టలను కోసి గుంతలు పూడుస్తుంది. వెనకవైపు తిరిగే పళ్లరోలు మంచును గుల్ల చేస్తుంది. దాని వెనక వచ్చే దువ్వెన వంటి పరికరం నేలను సన్నని చాళ్లుగా తీర్చుతుంది. చివరన ఉన్న అచ్చులు జానెడు ఎడంతో, రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున జంట గాళ్లు దించుతాయి. తడినేలలో బండి చక్రాలు వేసిన గాడి వంటివే ఇవి. ఒక్కొక్క స్కీ ఒక్కొక్క గాడిలో పడి, పక్కకు తొలగకుండా సాగిపోతుంది. 1980వ దశకంలో మంచుమీద స్కేటింగ్ చేసినట్టు కాళ్లు అటూ ఇటూ చాపుతూ పోయే పద్ధతి వ్యాపించింది. దానికి గాడి పనికిరాదు, వెడల్పైన చదునునేల కావాలి. అందువల్ల నేటి పెద్ద బాటలలో ఒక అంచున గాళ్లు, మిగిలినదంతా చదును ఉంటాయి.

మంచును ముందు గుల్ల చేసి, తరువాత అణచడం ఎందుకు? కొత్తగా కురిసిన మంచురేకులు కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి. వాటి నడుమ గాలి ఎక్కువ. పళ్లరోలు వాటిని విరిచి సన్నని గుళికలుగా చేస్తుంది, గాలిని పోగొడుతుంది. దగ్గరగా చేరిన గుళికలు ఒకదానితో ఒకటి తాకినచోట క్రమంగా అతుక్కుంటాయి. సిమెంటు గట్టిపడటానికి వ్యవధి కావలసినట్టే దీనికీ కొన్ని గంటలు కావాలి. ఈలోగా ఎవరైనా బాట తొక్కితే గాళ్ల అంచులు విరిగిపోతాయి. అందుకే యంత్రం నడిపేవారి పని ఎక్కువగా జనం ఇళ్లకు చేరిన తరువాతనే మొదలవుతుంది. అయితే మంచు ఇంకా కురుస్తుంటే వేసిన గాడి పూడిపోతుంది కనుక ఆగాలి. పగటి వేడికి మంచు తడిసి ఉంటే చలి పెరిగేదాకా ఆగాలి. ఎప్పుడు బయలుదేరాలో తెలియడమే ఈ వృత్తిలో అసలు నేర్పు.

లిల్లెహామర్‌కు పైన, షూషోయెన్ అనే కొండప్రాంతం ఇటువంటి బాటలకు పేరుపొందింది. అక్కడి బాటలు అడవులగుండానే కాక బురదనేలల మీదుగా, గడ్డకట్టిన చెరువుల మీదుగా కూడా పోతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మంచు దుప్పటి వంటిది. అది మందంగా కప్పుకుంటే కింది నేలకు చలి తగలదు. పైన ఎంత మంచు ఉన్నా కింద బురద పచ్చిగానే ఉంటుంది. టన్నుల బరువున్న యంత్రం దానిమీదికి వెళ్తే కూరుకుపోతుంది. కనుక చలికాలం మొదట్లో తేలికైన చిన్న మంచుబండితో ఆ చోట్లను తొక్కిస్తారు. మంచు అణగి పలచబడితే చలి కిందికి దిగి బురద గడ్డకడుతుంది. చెట్లు లేని ఎత్తైన చోట్ల తుఫానులో దారి తెలియడానికి వరుసగా కర్రలు పాతుతారు.

ఇన్ని బాటలు పోయే భూమి ఎవరిది? కొంత ప్రభుత్వానిది, కొంత ఊరుమ్మడిది, కొంత రైతులది. నార్వేలో 1957లో చేసిన చట్టం ప్రకారం సాగులో లేని భూమి ఎవరిదైనా సరే, అందులో ఎవరైనా నడిచి వెళ్లవచ్చు. సాగుభూములలో కూడా, నేల గడ్డకట్టినప్పుడు గాని మంచు కప్పినప్పుడు గాని, అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 29 వరకు వెళ్లవచ్చు. ఇంటి ఆవరణలోకి మాత్రం పోరాదు. యంత్రం నడపడానికి భూమి యజమాని సమ్మతి కావాలి. ఆ యంత్రానికయ్యే ఖర్చును స్థానిక పురపాలక సంస్థలు, స్కీ సంఘాలు, కొండమీద విడిది ఇళ్లున్నవారు పంచుకుంటారు. చిన్న ఊళ్లలో వేసవి చివర అందరూ కలిసి పొదలు నరికి, చిన్న వంతెనలు బాగుచేస్తారు. కూలి తీసుకోకుండా ఊరంతా చేసే ఇటువంటి పనిని వారు ‘దుగ్నాడ్’ అంటారు. బాట మీద పోయేవారు సాధారణంగా రుసుము చెల్లించనక్కరలేదు. గాళ్లను బూటుకాళ్లతో తొక్కకుండా ఉంటే చాలు. తొక్కినవారిని పెద్దలైనా, పిల్లలైనా మందలించకుండా వదలరు.

ఈ ఏర్పాటుకు ఇప్పుడు మంచే కరువవుతున్నది. భూగోళం వేడెక్కుతున్నందువల్ల రాజధాని ఓస్లో చుట్టుపక్కల లోతట్టు అడవులలో మంచు నిలిచే రోజులు తగ్గాయి. కొన్నిచోట్ల చల్లనిగాలిలోకి నీటిని తుంపరలుగా చిమ్మి మంచు తయారుచేస్తున్నారు. దానికి విద్యుత్తు, నీరు, డబ్బు కావాలి. అందువల్ల అది కొద్ది కిలోమీటర్ల చుట్టుకే సరిపోతుంది. కొన్నిచోట్ల దానికి రుసుము కూడా వసూలు చేస్తారు. కొండలు దాటించే బాట, డబ్బు కట్టి ఒకేచోట తిరిగే బాటగా మారితే అది చిన్న మార్పు కాదు.

మరో ఉపాయం వేసవిలోనే బాట కింది రాళ్లు తీసి, గుంతలు పూడ్చి, కంకర పరచడం. నేల చదునుగా ఉంటే పలచని మంచు మీద కూడా యంత్రం నడుస్తుంది. కాని అడవిలో కంకరదారి వేస్తే వేసవిలో అది అడవిలా ఉండదని, వేళ్లు పెనవేసుకున్న సన్నని కాలిబాటలే తమకు కావాలని చెప్పేవారూ అక్కడ తక్కువమంది లేరు. శీతాకాలపు బాటకోసం వేసవి బాటను వదులుకోవాలా అన్నదానిమీద ఒకే ఊరివారు రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటున్నారు.