ఇంటి పెరటిలో వైద్యావసర గంజాయి సాగు: కాలిఫోర్నియా స్థానిక పరిమితులు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైద్యుని సిఫారసు ఉన్న రోగి తన అవసరానికి ఇంట్లో గంజాయి మొక్కలు పెంచుకోవడానికి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1996లో అవకాశం కల్పించింది. అయినా అనేక నగరాలు, కౌంటీలు ఆ సాగును పరిమితం చేశాయి, కొన్ని పూర్తిగా నిషేధించాయి. రాష్ట్రశాసనం అనుమతించినదాన్ని స్థానిక సంస్థ ఎలా నిషేధించగలిగిందన్న ప్రశ్నను ప్రధాన తీర్పుల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైద్యావసర గంజాయి, గృహసాగు, స్థానిక స్వపరిపాలన, భూవినియోగ నియంత్రణ, కాలిఫోర్నియా.

1. ప్రవేశిక:
1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు 215వ ప్రతిపాదనను ఆమోదించారు. క్యాన్సర్, ఎయిడ్స్, గ్లకోమా, కీళ్లవాతం వంటి వ్యాధులకు వైద్యుడు సిఫారసు చేసినప్పుడు, రోగి గాని అతని ప్రధాన సంరక్షకుడు గాని గంజాయిని కలిగి ఉన్నందుకు, పెంచినందుకు రాష్ట్ర నేరశాసనం కింద శిక్షార్హులు కారని ఈ చట్టం చెప్పింది. ఎన్ని మొక్కలు పెంచవచ్చో, ఎక్కడ పెంచవచ్చో అది చెప్పలేదు. తరువాతి వివాదాలకు ఈ మౌనమే మూలం.

2. సంఖ్యాపరిమితి:
2003లో రాష్ట్ర శాసనసభ 420వ సెనేట్ బిల్లు ద్వారా ఈ లోటును పూరించింది. ఒక్కో రోగికి 8 ఔన్సుల ఎండు గంజాయి, 6 పరిణత మొక్కలు లేదా 12 లేత మొక్కలు అన్నది దాని కొలత. అంతకంటె ఎక్కువ అనుమతించే స్వేచ్ఛ నగరాలకు, కౌంటీలకు ఉంది. అయితే ఓటర్లు నేరుగా చేసిన చట్టాన్ని వారి ఆమోదం లేకుండా శాసనసభ కుదించరాదు. ఈ సూత్రం మీదనే రాష్ట్ర సుప్రీంకోర్టు 2010లో కెల్లీ కేసులో, 1996 చట్టం రోగికిచ్చిన రక్షణను ఈ సంఖ్యలతో తగ్గించరాదని తీర్పు చెప్పింది. దీనితో నేరవిచారణలో రోగి స్థానం బలపడింది. కాని నగరపాలకుల నియమాల విషయంలో పరిస్థితి వేరు.

3. స్థానిక సంస్థల అధికారం:
రాష్ట్ర సాధారణ శాసనాలతో విరోధించని స్థానిక నియమాలు చేసుకొనే అధికారాన్ని కాలిఫోర్నియా రాజ్యాంగం 11వ అధికరణం 7వ విభాగం నగరాలకు, కౌంటీలకు ఇచ్చింది. ఏ స్థలంలో ఏ పని జరగాలో నిర్ణయించే భూవినియోగ నియంత్రణ ఇందులో భాగం. పూతకు వచ్చిన మొక్కల ఘాటైన వాసన, దొంగతనాల భయం, ఇరుగుపొరుగుల అభ్యంతరాలు పరిమితులకు కారణాలుగా చూపబడ్డాయి.

2013లో ఈ అధికారం పరిధి స్పష్టమైంది. రివర్‌సైడ్ నగరం వైద్యావసర గంజాయి విక్రయకేంద్రాలను నిషేధించడం చెల్లుతుందని రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. రాష్ట్ర చట్టాలు కొన్ని నేరశిక్షలను మాత్రమే తొలగించాయని, స్థానిక సంస్థలు ఆ కార్యకలాపాలకు చోటు కల్పించి తీరాలని ఎక్కడా ఆదేశించలేదని న్యాయస్థానం వాదం. అదే ఏడు లైవ్ ఓక్ నగరపు కేసులో అప్పీలు న్యాయస్థానం ఈ తర్కాన్ని ఇంటి సాగుకూ వర్తింపజేసి, సంపూర్ణ నిషేధాన్ని సమర్థించింది.

నిషేధానికీ ఒక హద్దు ఉందని 2015లో కిర్బీ కేసు చూపింది. సాగును నిషేధించే అధికారం ఫ్రెస్నో కౌంటీకి ఉందని అంగీకరిస్తూనే, దానిని నేరంగా ప్రకటించడం రాష్ట్రచట్టానికి విరుద్ధమని అప్పీలు న్యాయస్థానం తేల్చింది. అంటే మొక్కలను తీసివేయించవచ్చు, కాని వాటిని పెంచిన రోగిని నేరస్థునిగా నిలబెట్టరాదు.

4. 2016 తరువాత:
2016 నవంబరులో ఓటర్లు 64వ ప్రతిపాదనను ఆమోదించారు. 21 ఏళ్లు నిండినవారు ఒక నివాసంలో మొత్తం 6 మొక్కలు పెంచుకోవచ్చు. ఆరుబయట సాగును స్థానిక సంస్థ నిషేధించవచ్చు. ఇంటిలోపల, లేదా ఇంటికి అనుబంధంగా తాళం వేసి మూసివుంచిన కట్టడంలో సాగును మాత్రం పూర్తిగా నిషేధించరాదు, సహేతుకంగా నియంత్రించవచ్చు. 1996 చట్టంలో లేని స్పష్టత ఇక్కడ వచ్చింది.

ఈ స్పష్టత ప్రయోజనం అందరికీ సమానం కాదు. ఎండలో పెరిగే మొక్కకు ఖర్చు తక్కువ. గదిలో పెంచాలంటే దీపాలు, గాలి ప్రసరణ, విద్యుత్తు కావాలి. అద్దె ఇంట్లో ఉన్నవారిని ఇంటి యజమాని అడ్డుకొనే హక్కును కూడా చట్టం నిలిపి ఉంచింది. కాబట్టి విక్రయకేంద్రం దూరంగా ఉండి, కొనే స్తోమత తక్కువగా ఉన్న రోగికే స్థానిక పరిమితి ఎక్కువ భారమవుతుంది.

5. ముగింపు:
శిక్ష నుండి రక్షణ వేరు, హక్కు వేరు. 1996 చట్టం రోగికి మొదటిదాన్ని ఇచ్చింది. రెండవదాన్ని ఇచ్చిందని రోగులు భావించారు, న్యాయస్థానాలు అంగీకరించలేదు. ఈ రెంటి మధ్య ఖాళీలోనే స్థానిక సంస్థల అధికారం నిలిచింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి మొక్క సాగుకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. రోగి గృహసాగుకు ప్రత్యేక మినహాయింపు లేనందున ఈ వివాదం ఇక్కడ యథాతథంగా తలెత్తదు. అయినా రాష్ట్రశాసనానికీ స్థానిక స్వపరిపాలనకూ గల సంబంధాన్ని అధ్యయనం చేసేవారికి ఈ తీర్పులు ఒక పాఠం చెబుతాయి. శాసనం ఒక పనిని నేరం కాదన్నంత మాత్రాన దానికి చోటు దొరికినట్లు కాదు. ఆ చోటును కూడా శాసనమే పేర్కొనాలి.