నాయనమ్మ ఆఖరిచూపు, 1,095 రోజుల లెక్క

2023 దసరా పండుగ అయిన వారానికి మా అక్క వాళ్ల అత్తమ్మ పోయింది. సోలాపూర్‌లో నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. మనవణ్ని ఎత్తుకొని పెంచింది ఆమెనే. ఆ మనవడు కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉన్నాడు. నాయనమ్మ అంత్యక్రియలు ఫోన్‌లోనే చూసి ఏడ్చిండు.

"రారా నాయనా" అని అక్క బతిమాలింది. "వస్తే సిటిజన్‌షిప్ లెక్క మళ్లా మొదటికొస్తదంట అమ్మా. నాలుగేళ్లు ఉన్నదంతా పోతదంట" అన్నాడు. అక్కడ రూములో ఉండే దోస్తు చెప్పిండట, ఇక్కడి ఏజెంటు కూడా అవునన్నాడట. బావ పవర్‌లూమ్ కారఖానాలో రెండు షిఫ్టులు చేసి పంపిన చదువు. పోరడు భయపడ్డాడు, రాలేదు.

ఆ మాట తప్పు. వాడు వచ్చి ఉండవచ్చు.

తర్వాత ఒక ఆదివారం నేనూ మేనల్లుడూ వీడియోలో కూర్చొని కెనడా సర్కారు పెట్టిన నియమాలు ఒక్కొక్కటి చదివినం. మన గల్లీల నుంచి పిల్లలు అక్కడికి పోతున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

పీఆర్, అంటే శాశ్వత నివాసం, వేరు. సిటిజన్‌షిప్, అంటే పౌరసత్వం, వేరు. పీఆర్ నిలబెట్టుకోవాలంటే ఏ అయిదేళ్లలోనైనా 730 రోజులు కెనడాలో ఉండాలి. పౌరసత్వం అడగాలంటే పీఆర్ చేతిలో ఉండాలి, దరఖాస్తు మీద సంతకం చేసే రోజుకు ముందు అయిదేళ్లలో 1,095 రోజులు ఆ దేశంలో ఉండి ఉండాలి. 2017 అక్టోబరు నుంచి ఇదే లెక్క. పీఆర్ రాకముందు చదువు వీసా మీదో పని వీసా మీదో ఉన్న రోజులు సగం చొప్పున కలుస్తాయి, అయితే 365కు మించి కలపరు.

మావాడి సంగతే చూడండి. 2019 ఆగస్టులో చదువుకు పోయిండు, 2022 జూన్‌లో పీఆర్ వచ్చింది. పాత రోజులకు సగం చొప్పున 365 వచ్చినయి. పీఆర్ తర్వాత ఇంకో 730 రోజులు, అంటే రెండేళ్లు ఉంటే చాలు. 2024 జూన్ మొదట్లో లెక్క నిండుతది. నాయనమ్మ దినాలకు వచ్చి 20 రోజులు ఉండిపోతే? ఆ 20 రోజులు లెక్కలోకి రావు. జూన్ మొదట్లో నిండేది జూన్ నెలాఖరుకు నిండేది. అంతే. మిగతా రోజులు ఎక్కడికీ పోవు.

ఇది అక్కకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "వెయ్యి బీడీల్ల యాభై బాగలేవని పక్కకు తీసేస్తే మిగిలిన తొమ్మిదొందల యాభైకి కూలి ఇయ్యరా? మా అత్తమ్మ ఉంటే ఈ లెక్క వానికి ఒక్క నిమిషంల చెప్పు."

రోజులతోనే పని అయిపోదు. ఆ అయిదేళ్లలో, కట్టాల్సినవాళ్లయితే, కనీసం మూడేళ్లకు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసి ఉండాలి. 18 నుంచి 54 ఏళ్ల మధ్యవాళ్లకు ఇంగ్లీషో ఫ్రెంచో వచ్చినట్టు రుజువు కావాలి, ఒక పరీక్ష కూడా ఉంటది. ఇరవై ప్రశ్నలు, పదిహేను సరిగ్గా రాయాలి. చదువుకునే పుస్తకం సర్కారే ఉచితంగా ఇస్తది. రోజుల లెక్క తప్పుగా చూపిస్తే మాత్రం వచ్చిన పౌరసత్వం కూడా తీసేయవచ్చు. అందుకే దేశం దాటిన ప్రతి తారీఖూ రాసి పెట్టుకోవాలి, టికెట్లు దాచుకోవాలి. సరిగ్గా 1,095 కాకుండా కొన్ని రోజులు ఎక్కువే ఉంచుకొని వేయాలి.

మనకు ఈ తీరు కొత్త కాదు. మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు నుంచి మగ్గాల పనికి ఇటు వచ్చినవాళ్లు. ఇప్పటికీ పిల్లల డొమిసైల్ సర్టిఫికెట్ కోసం మహారాష్ట్రలో పదిహేనేళ్లు ఉన్నట్టు బడి కాగితాలు, కరెంటు బిల్లులు పట్టుకొని తిరుగుతలేమా? అయితే అది రాష్ట్రం లెక్క, ఇది దేశం లెక్క. అక్కడ ప్రమాణం చేస్తే ఇక్కడిది పోతది.

బావకు రాత్రి నిద్ర పట్టనిది దీనికే. "మన దేశం వద్దనుకున్నట్టేనా? ఇంట్ల వాటా పోతదా?" అని అడిగిండు. మన చట్టం, 1955 నాటి పౌరసత్వ చట్టం, రెండు దేశాల పౌరసత్వం ఒప్పుకోదు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఏమీ పోదు. ప్రమాణం చేసిన రోజు భారత పౌరసత్వం దానంతటదే పోతది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు అప్పగించాలి, దానితో ప్రయాణం చేస్తే నేరం. ఓసీఐ కార్డు తీసుకుంటే జీవితాంతం వీసా లేకుండా వచ్చిపోవచ్చు, ఇక్కడ ఉండవచ్చు. ఓటు ఉండదు, ఎన్నికల్లో నిలబడలేరు, వ్యవసాయ భూమి కొనలేరు. తల్లిదండ్రుల ఇల్లు, పొలం వారసత్వంగా రావడానికి మాత్రం అడ్డు లేదు.

గల్ఫ్‌కు పోయే పిల్లలు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అక్కడ కూలి వీసా మీద ఎన్నేళ్లు చేసినా మనవాళ్లకు పౌరసత్వం దొరకదనే అనుకోవాలి. "ఇన్నేళ్లుంటే ఇప్పిస్తా" అని ఎవడన్నా పైసలు అడిగితే ఇయ్యకండి.

మేనల్లుడు 2025లో ప్రమాణం చేసిండు. ఓసీఐ కార్డు చేతికొచ్చినంక మొన్న ఇంటికి వచ్చిండు. సంచి దించకముందే నాయనమ్మ ఫోటో దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. బావ లోపలికి పోయి ఆమె బీడీల కార్డు తెచ్చి వాని చేతిల పెట్టిండు.

మీ ఇంట్ల బిడ్డ పరాయి దేశంలో ఉండి, చావుకో పెళ్లికో రానంటే, ముందు లెక్క ఎంతో అడగండి. దోస్తు మాటో ఏజెంటు మాటో కాదు, ఆ దేశపు సర్కారు రాసిన నియమం చదివించండి.