జిరహ్, జౌషన్, బక్తర్: అన్నీ కవచాలేనా?

పారసీ చరిత్రలను తెనిగించేవారికి తరచు ఒక చిక్కు ఎదురవుతుంది. జిరహ్, జౌషన్, బక్తర్, చార్ ఆయినా అనే నాలుగు మాటలకూ మనం “కవచం” అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాము. ‘ఆయినె అక్బరీ’లో అబుల్ ఫజల్ వీటిని వేరువేరుగానే పేర్కొన్నాడు. ఒకటి అడిగిన సిపాయికి మరొకటి ఇస్తే ఒప్పుకునేవాడు కాడు మరి. అది ప్రాణంతో పని.

జిరహ్ అంటే ఇనుప కడియాలను ఒకదానిలో ఒకటి గుచ్చి అల్లిన అంగీ. దివ్య ఖుర్ఆన్ సబా సూరాలో హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) సందర్భంలో ప్రస్తావించబడినది ఈ అల్లికపనియే. ఇది కత్తి కోతను ఆపుతుంది. గద దెబ్బను మాత్రం ఆపలేదు. అల్లిక దెబ్బతో పాటే లోపలికి వంగుతుంది గనుక చర్మం తెగకపోయినా పక్కటెముక విరుగుతుంది.

మధ్య ఆసియా పచ్చిక మైదానాల రౌతులు దీనికి వేరొక ఉపాయం పన్నారు. గుర్రంపై నడుము తిప్పి వెనుకకు బాణం వేయవలసినవాడు రొమ్మంతటికీ ఒకే పలక తొడుక్కోలేడు. అందుచేత చిన్న చిన్న రేకులను ఒకదానిపై మరొకటి కొంత ఎక్కేటట్లు పేర్చి, తోలు తాళ్లతో కుట్టేవారు. అతుకు దగ్గర లోహం రెండింతలవుతుంది, దెబ్బ బలం పలు రేకులకు పంచుకుపోతుంది, అయినా నడుము వంగుతుంది. ఇదే జౌషన్ పద్ధతి. మంగోలులు మరొక అడుగు వేసి, రేకులను బట్ట అంగీ లోపల మేకులతో బిగించారు. “ఖతంగు దెగెల్” అన్నారు దానిని. ఉక్కువంటి అంగీ అని అర్థం. బయటికి కనిపించేవి మేకుల తలలే. హిందూస్థానంలోని “వెయ్యి మేకుల అంగీ” చూడటానికి దానికి దగ్గరి చుట్టమే.

బక్తర్ ఈ రెంటి నడుమ పుట్టినది: కడియాల అల్లికలో రొమ్ముమీద, వీపుమీద రేకులు కూర్చినది. రష్యనులు అదే మాటను “బేఖ్తెరెత్స్” అని పలికారు. ఇక చార్ ఆయినా అంటే “నాలుగద్దాలు”. రొమ్ముకు, వీపుకు, రెండు ప్రక్కలకు నాలుగు పలకలు. దానిని జిరహ్ మీద తొడిగేవారు.

ఇవన్నీ మనకు దూరపు సంగతులు కావు. కోడుమూరుకు పడమటనున్న ఆదోని కోట, 1686లో బిజాపూరు పడిపోయిన తరువాత కూడా సిద్దీ మసూద్ ఖాన్ చేతిలో కొన్నాళ్లు నిలిచింది. ఆ దశాబ్దం చివర మొగలులు దానిని పట్టుకున్నారు. మొగలుల పక్షాన ఉన్న బికనీరు మహారాజు అనూప్ సింగ్ అక్కడి ఆయుధాలను, బక్తర్లను తన కోటకు తరలించి, వాటిపై నాగరి లిపిలో గుర్తులు చెక్కించాడు. ఆ బికనీరు సొత్తులో కొంత నేడు విదేశీ మ్యూజియముల పాలయింది. మన జిల్లా పిల్లలు ఆదోని కొండ ఎక్కుతారేగాని ఈ సంగతి వారికి చెప్పేవారు లేరు.

ఈ భేదం గ్రంథాలకే పరిమితమూ కాదు. రష్యా, ఉక్రెయిన్, పశ్చిమ ఐరోపాలలో మధ్యయుగపు యుద్ధాన్ని నిజమైన దెబ్బలతో ఆటగా ఆడేవారున్నారు. ఆయుధాల అంచులు మొద్దుచేస్తారు, పొడవటం నిషిద్ధం. అంటే మిగిలేది మోదటమే! అందుకే జిరహ్ ఒక్కటే తొడుక్కొని ఎవరూ దిగరు. లోపల దూది అంగీ, పైన రేకుల కవచం కావాలి. మంగోలు తరహాను ఎన్నుకున్నవారికి నడుము వంగే సుఖం ఉన్నది, పని కూడా ఉన్నది: తాడు తెగితే రేకులు వరుసగా ఊడతాయి, ప్రతి పోటీ తరువాత విప్పి చూసుకోవాలి. మేకుల పద్ధతిలో ఈ బెడద తక్కువ, కాని సొట్టపడిన రేకు బట్ట మాటున కనబడదు.

అనువాదకులు జిరహ్‌ను “కడియాల కవచం” అనీ, జౌషన్‌ను “రేకుల కవచం” అనీ వ్రాస్తే మేలు. బక్తర్‌ను బక్తర్‌గానే ఉంచి, తొలిసారి వచ్చినచోట ఒక్క వాక్యం వివరణ ఇస్తే సరిపోతుంది.